పూటకూటి యింటినుండి పాకశాస్త్ర పాఠశాల వఱకు

అన్నము పెట్టుట పుణ్యమనియు, అన్నము నమ్ముట పాపమనియు మన పెద్దలు తలంచుచు వచ్చిరి. ఈ తలంపు వలన అన్నదాతల కీర్తి దేశమున నిలిచినది గాని, అన్నము నమ్మి బ్రతికినవారి చరిత్రము వ్రాయువారు లేకపోయిరి. గోదావరీ మండలమున లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చిన బాటసారికిఁ గూడ వండి వడ్డించిరని ఆబాలగోపాలము నెఱుఁగును. ఆ కాలముననే పట్టణములందు పూటకింత యని పుచ్చుకొని కూడుపెట్టి, ఆ వచ్చినదానితో సంసారమీఁదిన వితంతువుల పేర్లు మన కెవ్వరును జెప్పలేదు. ఇరువురి పొయ్యియు నొక్కటే, పొగయు నొక్కటే.

ఈ వృత్తి తెల్లదొరలతో వచ్చినది కాదు. ఓరుగంటి వీథులను వర్ణించు క్రీడాభిరామమున పూటకూటి యింటి ప్రసంగము కలదు. ఆ కావ్యకర్త వినుకొండ వల్లభరాయఁడా, శ్రీనాథుఁడా యను వాదమును పండితులకు వదలి, మనము విస్తరివంకఁ జూతము. గోధుమ పిండివంట, పంచదార, నేయి, పెసరపప్పు, పండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. ఇన్నిటికిఁ గలిపి వెల యొక రూక. వంటకము లేవో ముందే తెలిసి, వెల ముందే తెలిసి, ఊరికిఁ గ్రొత్తవాఁడు వచ్చి కూర్చుండి తినిపోఁదగిన చోటు హోటలు గాక మఱేమి? కాని 1892లో మొదటఁ బ్రదర్శింపఁబడిన కన్యాశుల్కమునకు వచ్చునప్పటికి పూటకూళ్లమ్మ నవ్వులపాలైన పాత్రము. ఆమె కూడు తిని, ఆమె సొమ్ము కాఁజేసిన గిరీశము మాత్రము తెలుఁగువారి ముద్దుబిడ్డఁడు! ఆమె చీపురు పట్టుకొని వచ్చినప్పుడు మనము నవ్వితిమే గాని, ఆమె లెక్క ఎవ్వరు తీర్చిరని యడుగలేదు.

ఈ విద్య యెట్లు నేర్పఁబడుచుండెను? విరాటుని కొలువున వలలుఁడు తన నేర్పును తానే చెప్పుకొని వంటయింటఁ బ్రవేశించెను. పట్టా యడిగినవారు లేరు. మన వంటమేస్త్రులదియు నదియే పద్ధతి. కుఱ్ఱవాఁడు మొదట నీళ్లు మోయవలెను, కట్టెలు చీల్చవలెను, గుండిగలు తోమవలెను. పిమ్మటఁ గూరలు తఱుగవలెను. గరిటె చేతికి వచ్చునది కడపటనే. ఉప్పునకుఁ గొలత పిడికిలి, పాకమునకుఁ గొలత వ్రేలికొన. వేయిమందికిఁ బులుసు పెట్టువాని నడిగిన "చేతికిఁ దెలియును" అనును. ఆ చేయి పోయిననాఁడు ఆ పులుసును బోవును. మే మెఱిఁగిన యొక మేస్త్రి తన బొబ్బట్ల పాకమును గన్నకొడుకునకుఁ గూడ నిండుగాఁ జెప్పక కన్ను మూసెను. ఇట్టి కష్టపు దారిని బైకి వచ్చిన ఘనులు లేకపోలేదు. మోహనసింగు ఓబెరాయి 1922లో సిమ్లాలోని సిసిల్ హోటలున నెలకు 50 రూపాయల గుమాస్తాగాఁ జేరి, 1934లో క్లార్క్స్ హోటలునకు యజమానుఁ డయ్యెను. ఉడుపి ప్రాంతమునుండి వచ్చిన కె. కృష్ణారావుగారు 1938లో మద్రాసున వుడ్‌లాండ్స్ స్థాపించిరి. అయినను ఒకరిద్దఱి భాగ్యము వేలమందికిఁ జదువు కానేరదు.

సీమలోఁ గూడ మొదట నింతియే. ఫ్రెంచి పాకమునకు గురుఁడనఁదగిన ఎస్కాఫియే 13వ యేట పినతండ్రి హోటలు వంటయింట నౌకరుగాఁ జేరినవాఁడే. పనివాండ్రను వంతులుగా విభజించి, ఒక్కొక్కనికి నొక్కొక్క పని నప్పగించి, కేకలును గందరగోళమును గల వంటయింటికిఁ గ్రమశిక్షణ నేర్పినవాఁ డాతఁడు. రైళ్లు వచ్చి ఆల్ప్సు కొండలకు యాత్రికులు వెల్లువగా రాఁగా, స్విట్జర్లాండులో నేర్పుగల పనివారు చాలకపోయిరి. అందుచేత 1893లో జాక్ చూమీ లోజాన్ నగరమున హోటలు పాఠశాలను నెలకొల్పెను. ప్రపంచమున నట్టివానిలో నదియే మొదటిది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయము 1922లో నీ విద్యకుఁ జోటిచ్చినది.

మన దేశమున నీ పని కెత్తుకొన్నవారు స్త్రీలు. లీలావతీ మున్షీగారి నాయకత్వమున అఖిలభారత మహిళా కేంద్రాహార మండలి 1954లో బొంబాయిలో నీ పాఠశాలను స్థాపించెను. పూటకూళ్లమ్మను నవ్విన దేశమున వంటను బడిలోఁ గూర్చుండఁబెట్టినది స్త్రీలే యని మేము సంతోషముతో వ్రాయుచున్నాము. పిమ్మట ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరములందును నట్టి విద్యాలయములు వెలసినవి. చాలకాల మీ చదువు ఆహారశాఖ క్రింద నుండెను. 1982లో పర్యటనశాఖకు మాఱి, జాతీయ మండలి యేర్పడెను. శాఖ మాఱుటలోఁ జూపును మాఱినది: మొదట గింజ వృథా పోరాదన్న చింత, తరువాత నతిథి తృప్తుఁడు కావలెనన్న చింత. వంట, వడ్డన, గదుల పరిశుభ్రత, అతిథులకు స్వాగతము అను నాలుగు పనులును విద్యార్థి చేసి నేర్చుకొనవలెను. కొన్ని నెలలు హోటలులోనే మెలఁగవలెను. హైదరాబాదున నీ శిక్షణ 1972లో మొదలైనది.

ఒక కులసభ సంచికలో నీ క్రిందిమాట వ్రాయుటకు మేము సంకోచింపము. ఒకప్పుడు మన పట్టణములందు "బ్రాహ్మణ హోటలు" అను పలకలు వ్రేలాడినవి. లోపల నొకరికి గది, మఱొకరికి వసారా, ఇంకొకరికి గుమ్మము బయట వేఱుగ్లాసు. భోజనశాలలందుఁ బ్రవేశమునకుఁ గులము అడ్డు కారాదని 1950లో నమలులోనికి వచ్చిన రాజ్యాంగము 15వ యధికరణమున శాసించెను. తినువాని కులమునుఁ జట్టము త్రోసివేసినది. వండువాని కులమును ద్రోసివేసినది పాఠశాల. అక్కడఁ దెల్లటోపీ క్రింద నెవ్వరి బిడ్డ యున్నదో విస్తరి ముందరఁ గూర్చున్నవాఁ డడుగఁడు. మన సభలోనే చూడుఁడు: విరాళ మిచ్చినవారి ఛాయాపటము లీ సంచికయందుఁ గలవు, మూఁడు దినములు గాడిపొయ్యికడ నిలిచినవారి పేరొక్కటియు లేదు.

లోపములును గలవు. ఈ పాఠశాలలు చాలకాలము ఫ్రెంచి రసములకిచ్చిన గౌరవమును గోంగూరకుఁ బులుసునకు నీయలేదు. దేశీయ పాకమునకై తిరుపతిలో 2018లోఁ బ్రారంభమైన విద్యాలయ మీ కొఱఁతకుఁ గొంత సమాధానము. పని వేళలు దీర్ఘములు. పండుగనాఁడు లోకమంతయు భుజించుచుండ వండువాఁడు నిలువుకాళ్లపై నుండును. మొదటి జీతము తలిదండ్రుల యాశకుఁ దగినంత యుండదు. ఇవి దాఁచి పిల్లలను బంపుట న్యాయము కాదు.

పదేండ్ల బాలుఁడు గ్లాసులు కడుగుచు నేర్చుకొనుటయే మన యూళ్లలో హోటలు విద్య. 14 ఏండ్లకు లోఁబడినవారిని హోటళ్లలోఁ బనికిఁ బెట్టుకొనుట 2006 అక్టోబరు 10 నుండి నిషేధింపఁబడెను. పర్యటనశాఖవారు 2009లో నెలకొల్పిన "హునర్ సే రోజ్‌గార్" శిక్షణలోఁ బ్రవేశమునకు 18 ఏండ్ల వయస్సును, ఎనిమిదవ తరగతియుఁ జాలునని నియమించిరి. ఆ పదేండ్ల బాలుఁడు అంతవఱకుఁ బడిలో నుండవలెను, ఆ యెనిమిదేండ్లును వానికిఁ గూడు పెట్టువారు కావలెను.