నెగటివ్ దాకా తిరుగు ప్రయాణం: ఇంటి తెర మీద పాత సినిమా చరిత్ర

సినిమాను ఇంట్లో దాచుకుని, కావలసినప్పుడు వేసుకుని చూసే అలవాటుకు ఇప్పటికి దాదాపు యాభై ఏళ్లు. ఆ కొద్దికాలంలోనే ఒకే చిత్రం వీడియో క్యాసెట్టుగా, సీడీగా, డీవీడీగా, బ్లూ-రేగా, 4కె డిస్కుగా రూపాలు మార్చుకుంది. పాత చిత్రాలను ప్రేమించేవారు తమ బీరువాలోని సేకరణను పదేళ్లకో పదిహేనేళ్లకో ఒకసారి మళ్లీ కొత్తగా సమకూర్చుకుంటూ వచ్చారు. వ్యాపార చరిత్రగా చూస్తే ఇది యంత్రాలూ డిస్కులూ అమ్ముడుపోయిన కథ. చలనచిత్ర చరిత్రగా చూస్తే, ప్రేక్షకుడు కోరిన ప్రతి మెరుగుదలా చిత్రాన్ని దాని మూలానికి, అంటే కెమెరాలో తిరిగిన అసలు నెగటివ్‌కు, ఒక మెట్టు దగ్గర చేసిన కథ.

ఈ క్రమం అర్థం కావాలంటే ఫిల్ము మీది బొమ్మ ఎన్ని చేతులు మారి ప్రేక్షకుడిని చేరేదో తెలియాలి. కెమెరాలో 35 మి.మీ. ఫిల్ము మీద పడిన బొమ్మ మూల నెగటివ్. దానిని పదే పదే యంత్రంలో నడిపితే గీతలు పడి అరిగిపోతుంది కనుక, ముందు దాని నుంచి ఒక మాస్టర్ పాజిటివ్‌ను, ఆ పాజిటివ్ నుంచి డూప్ నెగటివ్ అనే నకలును తీసి, థియేటర్లకు వెళ్లే ప్రింట్లను ఆ నకలు నుంచి తయారు చేయడం పద్ధతి. ఒక్కో తరం నకలుకు బొమ్మలోని సన్నని వివరం కొంత, నీడల్లోని లోతు కొంత తరిగిపోతుంది. భారతీయ నిర్మాతలు చాలామంది ఖర్చు తగ్గించుకోవడానికి మూల నెగటివ్ నుంచే నేరుగా ప్రింట్లు తీయించారు. అందువల్ల తొలి ప్రింట్లు మిలమిల మెరిసినా, చిత్రం ఎంత ఎక్కువ ఆడితే దాని నెగటివ్ అంత ఎక్కువ నలిగింది.

ఇంటి వీడియో తొలి దశలో నెగటివ్ ప్రస్తావనే లేదు. 1975లో సోనీ బీటామాక్స్‌ను, 1976లో జేవీసీ వీహెచ్ఎస్‌ను జపాన్‌లో విడుదల చేశాయి. 1977లో అమెరికాలో ఆండ్రే బ్లే అనే వ్యాపారి ట్వెంటియెత్ సెంచరీ ఫాక్స్ నుంచి యాభై చిత్రాల హక్కులు తీసుకుని క్యాసెట్లుగా అమ్మడంతో, సినిమా ఇంట్లో ఉంచుకోదగిన వస్తువైంది. వీహెచ్ఎస్ బొమ్మలో అడ్డంగా సుమారు 240 గీతల వివరం మాత్రమే నిలిచేది కాబట్టి, వాడి అరిగిన ప్రింటు నుంచి ఎక్కించినా పెద్దగా తేడా కనిపించేది కాదు. మన దేశంలో 1982 ఆసియా క్రీడల కాలంలో కలర్ టీవీలతో పాటు వీసీఆర్లు వ్యాపించి, ఊరూరా క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణాలు వెలిశాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు భారతీయ కిరాణా దుకాణంలో అద్దెకు దొరికే క్యాసెట్టే మాతృభాషలో సినిమా చూసే దారి అయింది. నకలుకు నకలు తీసిన ఆ క్యాసెట్లలో ముఖాలు మసకబారినా, పాటలూ మాటలూ ఇంటిని చేరేవి.

పాత చిత్రానికి దాని సరైన రూపాన్ని తిరిగి ఇవ్వాలనే ఆలోచన లేజర్ డిస్కుతో మొదలైంది. పన్నెండు అంగుళాల ఈ పళ్లెం 1978 డిసెంబరులో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. 1984లో స్థాపితమైన క్రైటీరియన్ సంస్థ ‘సిటిజన్ కేన్’, ‘కింగ్ కాంగ్’ చిత్రాలను ఈ పళ్లెం మీద విడుదల చేస్తూ, దొరికినంతలో మేలైన మూలప్రతిని వెతకడం, చిత్రం నడుస్తుండగా నిపుణుడి వ్యాఖ్యానం వినిపించడం అనే రెండు పద్ధతులకు నాంది పలికింది. అంతవరకు వెడల్పు చిత్రాలను టీవీ చట్రంలో ఇమడ్చడానికి రెండు పక్కలా కత్తిరించేవారు. తెర పైనా కిందా నల్లని పట్టీలు వదిలి దర్శకుడు కూర్చిన చట్రాన్ని పూర్తిగా చూపే అలవాటు ఈ డిస్కుల ద్వారానే సేకర్తల్లో స్థిరపడింది.

ఆ తరువాతి మార్పులు అంకెల్లో స్పష్టంగా కనిపిస్తాయి. 1993లో రూపొంది ఆసియా దేశాల్లో విశేషంగా చెలామణీ అయిన వీడియో సీడీ (వీసీడీ)లో ఒక్కో బొమ్మకు 352 × 288, అంటే సుమారు లక్ష చుక్కలు ఉండేవి. ఒక పళ్లెంలో సుమారు 74 నిమిషాలే పట్టేది కనుక, మూడు గంటలకు పైగా నడిచే ‘మాయాబజార్’ వంటి చిత్రానికి మూడు పళ్లేలు కావలసి వచ్చేవి. 1996లో జపాన్‌లో వచ్చిన డీవీడీ ఆ చుక్కలను నాలుగు లక్షలకు, 2006 నాటి బ్లూ-రే సుమారు 20 లక్షలకు, 2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే, అంటే 4కె డిస్కు, దాదాపు 83 లక్షలకు పెంచాయి. బాగా తీసిన 35 మి.మీ. నెగటివ్‌లో దాగిన వివరం ఇంచుమించు ఈ చివరి అంకెతో సరితూగుతుందని నిపుణులు లెక్కగడతారు. 4కె దగ్గర ఇంటి తెర నెగటివ్‌ను అందుకుంది. అందుకే నకలులోని ప్రతి లోపమూ ఆ తెర మీద పట్టుబడింది. అరిగిన ప్రింటు ఇక పనికిరాదని తేలిపోయి, మూల నెగటివ్‌ను వెతికి, శుభ్రం చేసి, స్కాన్ చేయడం వ్యాపార అవసరంగా మారింది.

ఈ దశలో ఒక పొరపాటు కూడా జరిగింది. ఫిల్ము మీద బొమ్మను ఏర్పరచేది వెండి లవణాల రేణువులు. పెద్ద తెర మీద సన్నని ఇసుకలా కదలాడే ఆ రేణువులను గ్రెయిన్ అంటారు. తొలి బ్లూ-రే విడుదలల్లో కొన్నింటిలో ఈ గ్రెయిన్‌ను మచ్చగా భావించి కంప్యూటరుతో తుడిచివేయగా, నటుల ముఖాలు మైనపు బొమ్మల్లా నునుపెక్కాయి. గ్రెయిన్ బొమ్మ మీద పేరుకున్న దుమ్ము కాదు, బొమ్మ దానితోనే ఏర్పడింది కాబట్టి దానిని తుడిస్తే వెంట్రుకలు, నేత, చర్మపు గీతలు కూడా పోతాయి. సేకర్తలు పట్టుబట్టి నిరసించడంతో అటువంటి చిత్రాలు కొన్ని మళ్లీ శ్రద్ధగా తయారై వచ్చాయి.

మూలాన్ని చేరడానికి మనిషి ఎంత దూరం వెళ్లగలడో సత్యజిత్ రాయ్ అపు చిత్రత్రయం చెబుతుంది. 1992లో రాయ్‌కు గౌరవ ఆస్కార్ ఇచ్చినప్పుడు ఆయన చిత్రాలకు అమెరికాలో మంచి ప్రతులు లేవని బయటపడి, వాటిని కాపాడే ప్రయత్నం మొదలైంది. ఆ పనికోసం లండన్ చేరిన నెగటివ్‌లు 1993 జులైలో అక్కడి హెండర్సన్ ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. వంకర్లు తిరిగి పెళుసుబారిన ఆ శేషాలను పారవేయకుండా అమెరికాలోని అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ ఇరవై ఏళ్లు దాచింది. 2013లో క్రైటీరియన్ పునరుద్ధరణకు పూనుకున్నప్పుడు, ఇటలీలోని బొలోన్యా నగరంలో లిమ్మాజినే రిత్రొవాతా అనే ప్రయోగశాల నిపుణులు ఎండిన ఫిల్ముకు మళ్లీ తేమ పట్టించి, అంటుకున్న పొరలు విడదీసి, చిరిగిన పక్క రంధ్రాలను చేత్తో అతికారు. దాదాపు వేయి గంటలు పట్టిన ఈ చేతిపని తరువాత ‘పథేర్ పాంచాలి’లో సుమారు నలభై శాతం, ‘అపరాజితో’లో అరవై శాతానికి పైగా మూల నెగటివ్ నుంచే 4కెలో స్కాన్ అయ్యాయి. ‘అపూర్ సంసార్’ నెగటివ్ మాత్రం కోలుకోలేనంతగా కాలినందువల్ల, ఆ చిత్రానికీ మిగతా రెండింటిలోని లోపించిన భాగాలకూ వేర్వేరు చోట్ల భద్రపరచిన మాస్టర్లను, డూప్ నెగటివ్‌లను వాడారు. 2015లో ఈ చిత్రాలు థియేటర్లలోనూ బ్లూ-రేలోనూ వచ్చినప్పుడు, సుబ్రత మిత్ర కెమెరా పట్టిన రెల్లు పూల తెలుపు ఒక కొత్త తరం కంటబడింది. బూడిదకు అడుగు దూరంలో ఆగిన ఫిల్మును దాచి ఉంచిన ఆర్కైవు ఓపికే ఆ డిస్కుకు మూలధనం.

తెలుగు చిత్రాల విషయంలో ఈ ఓపిక ఆలస్యంగా మేల్కొంది. మద్రాసులో తయారైన చిత్రాల నెగటివ్‌లు అక్కడి ల్యాబుల గదుల్లోనే ఉండిపోగా, పరిశ్రమ హైదరాబాదుకు తరలింది. నిర్మాణ సంస్థలు మూతపడి వారసులకు పట్టింపు తగ్గింది. తేమకూ వేడికీ ఎసిటేట్ ఫిల్ము పులిసి, పుల్లని వాసన వేస్తూ ముడుచుకుపోయే వెనిగర్ సిండ్రోమ్ అనే జబ్బు కొన్నింటిని తినేసింది. 1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణంలో వచ్చిన ‘మాయాబజార్’ను హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్ది, శబ్దాన్ని కొత్తగా కూర్చి 2010 జనవరిలో విడుదల చేయగా జనం ఆదరించారు. పాత చిత్రం మీద తెలుగువారి మమకారం తరగలేదని ఆ విజయం చాటింది. అయితే అందులో కొన్ని పాటలు, పద్యాలు తొలగించవలసి రావడమూ, నలుపు తెలుపుల కోసమే బార్ట్‌లీ అమర్చిన వెలుగునీడల మీద రంగు పరచడమూ పునరుద్ధరణ కిందికి రావు. ఆ చిత్రంలోని బార్ట్‌లీ వెన్నెలను ఆయన చూపినట్టుగానే చూపడం పునరుద్ధరణ ధర్మం.

ఆ దిశగా అడుగులు పడుతున్నాయి. 1964లో పుణెలో ఏర్పడిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ దశాబ్దాలుగా కూడబెట్టిన ప్రతులు నేటి స్కానింగుకు ఆధారమయ్యాయి. 2014లో శివేంద్ర సింగ్ దుంగార్పూర్ స్థాపించిన ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2019లో హైదరాబాదులో ఫిల్ము పరిరక్షణ మీద శిక్షణ శిబిరం నడిపింది. 2024లో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతి సందర్భంగా పునరుద్ధరించిన ‘దేవదాసు’ గోవా అంతర్జాతీయ చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది.

ఇంటి వీడియో చరిత్ర ఇచ్చే పాఠం తెలుగు సమాజానికి నేరుగా వర్తిస్తుంది. క్యాసెట్టు పోతే సీడీ వచ్చింది, సీడీ పోతే డీవీడీ వచ్చింది, రేపు 4కె పోయినా దానికి మించినది మరొకటి వస్తుంది. నెగటివ్ పోతే మాత్రం రాబోయే ఏ పళ్లెమూ ఆ చిత్రాన్ని తిరిగి ఇవ్వలేదు. అందుచేత ఏదో ఒక గోదాములో మూతపడి ఉన్న ఫిల్ము రేకుడబ్బాను ఈ ఏడాదే తెరిచి, వాసన చూసి, చల్లని గదికి చేర్చడం తెలుగు సినిమాకు చేయగలిగిన మొదటి సేవ, ఆలస్యం చేయకూడని సేవ.