మధురలో మంగమ్మ సత్రము

మధుర రైలు నిలయము నుండి వెలికి వచ్చిన బాటసారికి సమీపముననే కానవచ్చు కట్టడములలో మంగమ్మ సత్రము ఒకటి. ఊరిలో భోజనమునకును విహారమునకును తిరుగువా రెందరో దాని ముందుగనే సాగిపోవుదురు. అది తెలుగు నాయకవంశపు రాణి పేరని తలచువారు కొందరే.

1689లో కుమారుడు ముద్దువీరప్ప మశూచికముచే మరణింపగా, మంగమ్మ పసివాడైన మనుమని పక్షమున రాజ్యభారము వహించెను. బాటల వెంట చెట్లు నాటించెను, సత్రములు కట్టించెను. నిద్రమత్తులో ఎడమచేత తాంబూలము నోట నుంచుకొన్న దోషమునకు ఇది పరిహార మని జనుల కథ. కథ యెట్లున్నను, రామేశ్వరమునకును కన్యాకుమారికిని కాలినడకన పోవు యాత్రికునకు నీడయు నన్నమును కావలసియుండె ననుట సత్యము.

విహారమునకు వచ్చినవాడు చూచున వన్నియు ఇంచుమించుగా ఈ వంశమువారి కృతులే. గుడి యెదుట వసంతోత్సవమునకై తిరుమల నాయకుడు కట్టించిన పుదుమండపమున నాయకరాజుల శిలావిగ్రహములు నేటికిని నిలిచియున్నవి. 1636 నాటి ఆయన మహలులో మిగిలినది కొంత భాగమే. తక్కినదానిని మంగమ్మ భర్తయగు చొక్కనాథుడు తిరుచిరాపల్లికి తరలించె నందురు. మహలు చుట్టును సౌరాష్ట్ర నేతవారి వీధులు గలవు. 1645లో త్రవ్వించిన తెప్పకొలనులో పుష్యమాసపు తెప్పతిరునాళ్లు జరుగును.

ఇక తినుబండారముల మాట. మధురకు ‘నిద్రపోని నగర’ మని పేరు. అర్ధరాత్రమున సయితము వేడి ఇడ్డెనలు దొరకును. జిగర్‌తండా యను చల్లని పానీయమున కాచిన పాలు, కడలిపాచి, సుగంధిపాల పానకము చేరును; పేరు మాత్రము ఉర్దూది. అంతకంటె గమనింపదగినది పత్తిపాలు. పత్తిగింజలను నానబెట్టి రుబ్బి, పాలు పిండి, బెల్లము, శొంఠి, ఏలకులు చేర్చి కాచి, వేడిగా పోయుదురు. మధురకు దక్షిణమున నల్లరేగడిలో పత్తి పండించు కుటుంబములలో తెలుగువారు పెక్కురు. ఈ పానీయమును వారే తెచ్చి రనుట సాహసము. పత్తితో వారి పొత్తు మాత్రము గట్టిది. ఇంట తెలుగు మాటాడు ఈ కుటుంబములలో ననేకులకు తెలుగు లిపి రాదు; ఉత్తరము తమిళలిపిలోనే వ్రాసికొందురు. మంగమ్మ పెంచిన మనుమడు విజయరంగ చొక్కనాథుడు తెలుగు వచనమున గ్రంథములు రచించినవాడు. అవి వీరికి చదువ శక్యము గావు.

మంగమ్మ వేసవి విడిది యని చెప్పు తముక్కము మహలులో 1959 నుండి గాంధీ స్మారక ప్రదర్శనశాల యున్నది. ఊరివారు ఆమెను గూర్చి మరియొక కథ చెప్పుదురు. ఆ మనుమని పక్షమువారే ఆమెను చెరబెట్టి, అన్నమును కంటికి కనబడునట్లును చేతి కందకుండునట్లును ఉంచి, ఆకలిచే చంపిరట. చరిత్రకారులు దీనిని నిశ్చయముగా నంగీకరింపరు. అయినను, బాటబాటకును సత్రము కట్టించిన రాణికి జనవాక్యము ఇట్టి మరణమునే నిలిపినది.