కడితమూ, పెన్‌డ్రైవూ

పోయిన ఎండాకాలం నా నవల పదకొండు ప్రకరణాలు పోయాయి. దొంగలెత్తుకెళ్ళలేదు, చెదలు తినలేదు. కంప్యూటర్లోంచి తీసి పెన్‌డ్రైవులో వేసి, ఆదోని బస్సుకి వేళైపోతోందన్న కంగారులో దాన్ని చటుక్కున పీకేశాను. తెర మీద పని అయిపోయినట్టే కనిపించింది మరి! డి.టి.పి. చేసే కుర్రాడు దాన్ని అటూ ఇటూ గుచ్చి చూసి, "ఇంట్లో ఇంకో కాపీ పెట్టుకోలేదా అక్కా?" అన్నాడు. పెట్టుకోలేదు నాయనా. కాపీ చెయ్యకుండా, కత్తిరించి అతికించాను.

నిజం చెప్పొద్దూ, రాసినదాన్ని చెరిపెయ్యడం నాకు కొత్తకాదు. ఏడేళ్ళప్పుడే ఆ ఘనకార్యం ఒకసారి చేశాను.

పెద్దకడుబూరులో మా అవ్వగారింటి అటక మీద ఒక నల్లగుడ్డ పుస్తకం ఉండేది. మడతలు మడతలుగా పొడుగ్గా సాగేది. అందులో మా ముత్తాత పత్తి పద్దులు ఉండేవట. నాకు అవన్నీ ఏం తెలుసు? చక్కని పలక దొరికిందనుకుని, తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, బలపంతో అ ఆలు దిద్దుకున్నాను. అవ్వ చూసి నెత్తి కొట్టుకుంది. "మీ ముత్తాత లెక్కలన్నీ తుడిచేస్తివి కదే!" అంది. కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

దాని పేరు కడితం. కన్నడం వాళ్ళు కడత అంటారు. మా వైపు రెండు భాషలూ ఒకే అరుగు మీద కూర్చుంటాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోదే కదా. నూలుగుడ్డకి చింతగింజల గంజిలో బొగ్గుపొడి కలిపి రెండువైపులా పట్టించి, ఆరాక సమానంగా మడతలు పెడతారు. రాత బలపంతో. మైసూరులో రెసిడెంటుగా పనిచేసిన కర్నల్ మార్క్ విల్క్స్ 1810లో వెలువడిన తన దక్షిణదేశ చరిత్రలో దీని గురించి శ్రద్ధగా రాశాడు. వెడల్పు ఎనిమిది అంగుళాల నుంచి అడుగు, పొడవు పన్నెండు నుంచి పద్దెనిమిది అడుగులు. కలవారి కడితాలకి రంగులు వేసిన చెక్క అట్టలు, పట్టు సంచులు. లేనివారికి ఉత్త తాడు. పలక మీద రాతలాగే తుడిచి మళ్ళీ రాసుకోవచ్చు. వర్తకులు వాటిలోనే లెక్కలు రాసుకునేవారు.

తుడిస్తే పోయే రాతని నమ్మి అప్పులెలా ఇచ్చారబ్బా అని ఇప్పుడు అనిపిస్తుంది. కాని తాటాకు గంటంతో గీసింది, దిద్దుబాటుకి లొంగదు. రాగిరేకు రాజుల సొమ్ము. రోజూ మారే పత్తి ధరకి మారే పుస్తకమే కావాలి. చంకలో పెట్టుకుని సంతకి పోవాలి కూడానూ.

ఈనాటి కడితం సంగతి చూడండి. ఫ్లాష్ మెమరీని 1980ల్లో జపానులో తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా కనిపెట్టాడు. దాన్ని దేనికైనా తగిలించే యు.ఎస్.బి. 1996లో వచ్చింది; ఇంటెల్లో ఆ పని నడిపించినవారిలో మన దేశంవాడు అజయ్ భట్ ముఖ్యుడు. 2000 సంవత్సరం చివర బజారుకొచ్చిన పెన్‌డ్రైవులో పట్టింది ఎనిమిది మెగాబైట్లు. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలతో వేగిన జనానికి అదే మహాభాగ్యం. లోపల బలపం లేదు, సూక్ష్మమైన గదుల్లో బంధించిన ఎలక్ట్రాన్లున్నాయి. కరెంటు లేకపోయినా అవి అక్కడే ఉంటాయి, కాని శాశ్వతంగా కాదు. ఏళ్ళ తరబడి బీరువాలో పడేస్తే మెల్లగా జారుకుంటాయి. రాసి తుడిచి, రాసి తుడిచి, గదులూ అరిగిపోతాయి.

ఆ కుర్రాడు నాకు పాఠం చెప్పాడు. కారుచౌకగా వేల గిగాబైట్లంటే నమ్మొద్దట. లోపల కొంచెమే ఉండి, పైకి ఎక్కువ చూపించే దొంగ సరుకు ఉంటుంది. కొనగానే నిండా నింపి, మళ్ళీ తెరిచి చూసుకోవాలి. నవలకి పదహారు గిగాబైట్లే ఎక్కువ, సినిమాలు కావాలంటే వేరు. నాలుగు గిగాబైట్లు దాటిన ఒక్క ఫైలు ఫ్యాట్32 పద్ధతిలో పట్టదు, ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోవాలి. పీకేముందు 'ఎజెక్ట్' అనాలి. తెర మీద పని అయినట్టున్నా, ఆఖరి ముక్కలు ఇంకా దారిలోనే ఉండవచ్చు. నా ప్రకరణాలు ఆ దారిలోనే పోయాయన్నమాట.

అందులో అయిదింటికి మాత్రం పాత అచ్చుకాగితాలు దొరికాయి, మిగతా ఆరూ మళ్ళీ రాశాను. మొదటివే బాగున్నాయని ఇప్పటికీ అనుమానం. పోయిన చేపలు ఎప్పుడూ పెద్దవే.

ఆ విసుగులో ఒక ఆదివారం ఊరికి వెళ్ళి అటకెక్కాను. కడితం ఇంకా ఉంది, ఎలకలు ఒక మూల కొరికాయి. నేను తుడవని మడతలు ఎనిమిది. మసక రాతని సాయంకాలపు వాలు వెలుగులో పట్టి, ఒక్కొక్క పద్దూ నోటుబుక్కులోకి ఎక్కించాను. తర్వాత ఫోటోలు తీసి రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టాను. ఒకటి నా దగ్గర, ఒకటి ఎమ్మిగనూరులో మా తమ్ముడింట్లో.

తొమ్మిదో మడత మీద నా అ ఆలే ఉన్నాయి, వంకరటింకరగా. వాటి అడుగున, వెలుగుకి పట్టి చూస్తే, "చెల్లు" అన్న మాట లీలగా కనిపిస్తోంది. ఎవరిదో పేరు ఉండవలసినచోట 'ఈ' దిద్దాను.