అరణపు నేల – అన్నదమ్ముల పాళ్లు

ఒక తండ్రికి ఇద్దరు ముగ్గురు భార్యల బిడ్డలున్న యింట ఆస్తి పంచుట తెలుగునాట మిక్కిలి పాత చిక్కు. నేలను కొలుచుటకు గొలుసు కలదు; ధాన్యమును కొలుచుటకు కుంచము కలదు. ఏ నేల తండ్రిది, ఏ నేల తల్లిది అని తేల్చుటకు మాత్రము నమ్మదగిన మాటయో వ్రాతయో కావలయును. అది లేనిచోట ఎంత చిక్కు పుట్టునో పలనాటి కథను లెక్కదృష్టితో చదివినవారికి తెలియగలదు.

శ్రీనాథుని పేర నిలిచిన పల్నాటి వీరచరిత్రమును, వీరవిద్యావంతులు పాడు కథలును చెప్పు వృత్తాంతమిది. అది 12వ శతాబ్ది. చందవోలు నేలిన వెలనాటి ప్రభువు తన కూతురు మైలమదేవిని అనుగురాజునకిచ్చి, పలనాటిని అరణముగ నొసగెను. అనుగురాజునకు మైలమయే కాక వీరవిద్యాదేవి, భూరమాదేవి అను భార్యలును గలరు. మైలమకు నలగామరాజును, వీరవిద్యాదేవికి మలిదేవాదులును పుట్టిరి; భూరమాదేవికిని కొడుకులు గలరు. తండ్రి తరువాత నలగాముడు గురజాలలో రాజయ్యెను. సవతి తమ్ములతో పొత్తు పొసగనందున, బ్రహ్మనాయుడు మలిదేవాదులకు పాలు పంచి పెట్టించి మాచెర్లను రాజధానిగ జేసెను. పిమ్మట కోడిపందెము, ఓడినవారికి ఏడేండ్ల వలస, గడువు తీరిన వెనుక పాలు తిరిగి యడుగ వచ్చిన రాయబారి అలరాజు మరణము, కారెంపూడి రణము – ఇవి యెల్లరెరిగినవే. నేటికిని కార్తికమాసమున కారెంపూడిలో వీరుల ఉత్సవము జరుగుచున్నది.

కథ చెప్పువారు కోడిపందెమును, నాగమ్మ మంత్రాంగమును కారణములుగ జూపుదురు. ధర్మశాస్త్రము తెరచి చూచువారికి వానికంటె ముందున్న ప్రశ్నయొకటి కానవచ్చును. పలనాడు ఎవరి సొత్తు? అరణము మైలమ చేతికిచ్చినదా, అల్లుని చేతికిచ్చినదా?

ఆ కాలమునకు ప్రమాణగ్రంథము మితాక్షర. కల్యాణి నేలిన ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి వ్రాసిన వ్యాఖ్య యది. అందు పెండ్లినాడు అగ్నిసాక్షిగ స్త్రీకిచ్చినది స్త్రీధనము. అది మొదట కూతుండ్రకు, వారు లేనిచో ఆమె కన్న కొడుకులకు చేరును. ఆమె సంతతి యుండగా సవతి బిడ్డలకు చేరదు. వివాహము మూలమున పురుషునకు వచ్చిన ధనము అతని స్వార్జితము. అది అతని తోబుట్టువులకు పంచనక్కరలేదు. అతని అనంతరము మాత్రము అతని కొడుకులందరికిని, తల్లి యెవరైనను, సమముగ చెందును.

ఈ కొలతలతో పలనాటిని పంచి చూతము. అరణము మైలమదైనచో, ఆమెకు కూతుండ్రు లేరనుకొన్న, నలగామునకే సర్వమును. అనుగురాజుదైనచో కొడుకులందరికి తలకొక పాలు. కొన్ని స్మృతివచనములలో పత్నీభాగమను పద్ధతి కలదు. దాని వలన తల్లికొక పాలు వచ్చును, గాని అది తల్లులందరికి కొడుకులు సమసంఖ్యలో నున్నప్పుడే. రాజ్యము పంచరానిదను ఆచారమును బట్టిన పెద్దవాడే యేలిక. నాలుగు లెక్కలలో ఏ యొక్కటియు రెండు పాళ్లని చెప్పదు. మాచెర్ల పంపకము శాంతికై చేసిన రాజీ. రాజీకి బలము ఉభయుల సమ్మతియే. అది చెడిన నాడు ఇరుపక్షములకును తమదే న్యాయమనిపించుటలో వింత లేదు.

పెద్దకొడుకునకు ఎక్కువ పాలు అను మాట స్మృతులలో నున్నను, లోకము ద్వేషించునది గనుక ఆచరింపరాదని విజ్ఞానేశ్వరుడు త్రోసివేసెను. 13వ శతాబ్దిలో తిక్కన శిష్యుడు కేతన ఆ గ్రంథమును విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తెలుగున ధర్మశాస్త్రమునకు అదియే తొలి గ్రంథము. అమెరికాలోని మసాచుసెట్సు సీమలో పెద్దకొడుకునకు రెండు పాళ్లిచ్చు పద్ధతి 1789 వరకు సాగినదను సంగతి యిచట పోల్చి చూడదగినది.

నేటి చట్టము 1956 నాటి హిందూ వారసత్వ చట్టము. కూతుండ్రను కొడుకులతో సమానముగ ఉమ్మడి ఆస్తిలో చేర్చు సవరణ ఆంధ్రప్రదేశమున 1985 నుండి, దేశమంతట 2005 నుండి అమలైనది. అయినను పలనాటి ప్రశ్న తీరలేదు. పసుపుకుంకుమల క్రింద ఒక ఆడపడుచునకు పుట్టింటివారు మూడెకరములు దానపత్రముతో నిచ్చిరనుకొందము. ఆమె భర్తను, ఒక కొడుకును విడిచి వీలునామా లేక గతించెను. భూమి ఆ యిద్దరికి చెరి అరువది గుంటలు. భర్త మరల పెండ్లాడి, ఇంకొక కొడుకును గని, తానును వీలునామా లేక గతించిన, అతని అరువది గుంటలు రెండవ భార్యకు, ఇరువురు కొడుకులకు తలకు ఇరువది. మొదటి భార్య కొడుకునకు మొత్తము ఎనుబది గుంటలు, అనగా రెండెకరములు. అదే భూమి మొదటనే అల్లుని పేర వ్రాసియున్నచో ముగ్గురికి తలకొక యెకరము. పత్రమున నొక్క పేరు మారుటచే తల్లి లేని బిడ్డ పాలు సగమయ్యెను.

పోచారము పరిసరములలో ఒకప్పుడు ఎకరములలోను గుంటలలోను చెప్పిన నేల నేడు గజములలో చెప్పబడుచున్నది; గుంట యనగా నూట యిరువదియొక్క గజములు. విరాసత్ నాడు మాట పట్టింపులు పెరుగుటకు ఇది చాలును. కట్నము తీసికొనుట 1961 చట్టముచే నేరము. తీసికొన్నదైనను ఆ స్త్రీకే, ఆమె లేనిచో ఆమె వారసులకే అప్పగింపవలయునని ఆ చట్టమే చెప్పుచున్నది. ఇక ప్రీతితో ఇచ్చు నేల విషయమున పుట్టింటివారు చేయదగిన పని యొకటే: ఇచ్చిన నాడే, అందరును ఇష్టముగ నున్న నాడే, ఎవరికిచ్చుచున్నారో పేరు వ్రాసి రిజిస్టరు చేయించుట. వెలనాటి ప్రభువు ఇచ్చిన అరణమునకు అట్టి పత్రము మనకు దక్కలేదు. వీరుల గుడి మాత్రము దక్కినది.