తల్లులు పెట్టిన పేరు

క్వాషియోర్కర్ అనే జబ్బుకు ఆ పేరు పెట్టింది డాక్టర్లు కాదు, తల్లులు. ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, గా భాష మాట్లాడే తల్లుల మాట అది. తమ్ముడో చెల్లో పుట్టి, తల్లిపాలకు దూరమైన బిడ్డకు వచ్చే జబ్బు అని అర్థం. అక్కడ పనిచేసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1935లో ఆ పేరుతోనే దాన్ని వైద్యలోకానికి చెప్పారు. కాళ్లు ఉబ్బి, జుట్టు రంగు మారి, ఆట మరిచిన పిల్లలు మన మన్యంలోనూ ఉన్నారు. మనవాళ్లు గాలి సోకిందనుకున్నారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు లోకమంతా దీన్ని మాంసకృత్తుల లోపం అనే అంది. మందు పాలపొడి అంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన పోషకాహార పరిశోధన సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు పేద పిల్లల తిండిని పరిశీలించారు. ధాన్యమూ పప్పూ కలిసిన మన తిండే కడుపునిండా దొరికితే మాంసకృత్తులు చాలావరకు అందులోనే అందుతాయని, అసలు కొరత తిండిదేనని తేల్చారు. ఆ సంస్థ చెప్పిన 'హైదరాబాద్ మిక్స్'లో ఉన్నవి ఇవే: వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, వేరుశనగపప్పు 10, బెల్లం 20. దాంతో దాదాపు 330 కిలో కేలరీలు వస్తాయి.

ధాన్యం, పప్పు కలపడం మనకు కొత్త కాదు. మన పోడులో చోళ్లు, సామలు, కందులు కలిసే పండేవి. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద ఆంక్షలు పెరిగాయి. గాదె తగ్గింది. వానాకాలంలో మామిడి టెంకల అంబలితో రోజులు గడిపిన ఇళ్లు మన పెద్దలకు తెలుసు.

1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల ఐసీడీఎస్ మొదలైంది. అంగన్‌వాడీలు అలా వచ్చినవే. నేడు జబ్జ కొలిచే టేపు ఉంది. ఆరు నెలలు నిండి ఐదేళ్లలోపు బిడ్డకు అది 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువైనా, పాదాన్ని నొక్కితే రెండు పాదాల్లోనూ గుంట పడినా ప్రమాదమే. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ మొదట కొద్దికొద్దిగా, మాటిమాటికీ పాలతో చేసిన ఆహారం పట్టిస్తారు. చిక్కిన బిడ్డకు ఒక్కసారిగా ఎక్కువ పెడితే ప్రాణానికే ముప్పు.

మా ఊరి పాప ఒకతె అలా కోలుకుని వచ్చింది. మళ్లీ వానలు పడేసరికి చిక్కిపోయింది. మందు పనిచేయక కాదు, ఇంట్లో గింజ లేక.

అందుకే తోటి ఉపాధ్యాయులారా, యువకులారా, టేపు పట్టుకోవడం నేర్చుకుందాం. దాంతోపాటు 2006 అటవీహక్కుల చట్టం కింద ఏ ఇంటికి పట్టా రాలేదో కూడా రాసుకుందాం. బిడ్డను ఆసుపత్రి నిలబెడుతుంది. నిలిచిన బిడ్డను కాపాడేది గాదె.