యెహుదీ మెనుహిన్: బాఖ్ నుంచి తిలంగ్ రాగం వరకు

ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య శాస్త్రీయ వయోలిన్ విద్వాంసులలో యెహుదీ మెనుహిన్ వాయించినంత వైవిధ్యమున్న సంగీతాన్ని వాయించినవారు అరుదు. పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్ మొదలుకొని తన సమకాలికుడైన హంగేరీ స్వరకర్త బేలా బార్టోక్ వరకు, అక్కడి నుంచి హిందుస్తానీ రాగాలకు, ఫ్రెంచి జాజ్ బాణీకి ఆయన వాద్యం విస్తరించింది. 1952 నుంచి భారతదేశంతో ఆయనకు గాఢమైన అనుబంధం ఉంది.

1916 ఏప్రిల్ 22న న్యూయార్క్‌లో యూదు కుటుంబంలో జన్మించిన మెనుహిన్ బాల్యం శాన్‌ఫ్రాన్సిస్కోలో గడిచింది. లూయీ పెర్సింగర్, రుమేనియాకు చెందిన జార్జ్ ఎనెస్కు, జర్మన్ విద్వాంసుడు అడాల్ఫ్ బుష్ ఆయన గురువులు. 1927 నవంబరులో, పదకొండేళ్ల వయసులో, న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లో బేతోవెన్ వయోలిన్ కాన్సెర్టోను వినిపించి శ్రోతలను ఆశ్చర్యపరిచారు. ఒక ప్రధాన వాద్యకారుడికీ పెద్ద వాద్యబృందానికీ మధ్య సంవాదంగా సాగే రచనను కాన్సెర్టో అంటారు. 1929 ఏప్రిల్ 12న బెర్లిన్‌లో బ్రూనో వాల్టర్ నిర్వహణలో బాఖ్, బేతోవెన్, బ్రామ్స్ కాన్సెర్టోలు మూడింటినీ ఒకే సాయంత్రం వాయించారు. అప్పటికి ఆయనకు పదమూడేళ్లు నిండలేదు.

పాత రచనలకు కొత్త జీవం

ప్రసిద్ధ రచనలను మళ్లీ మళ్లీ వాయించి పేరు తెచ్చుకోవడంతో మెనుహిన్ తృప్తి పడలేదు. 1932లో లండన్‌లో ఇంగ్లండు స్వరకర్త ఎడ్వర్డ్ ఎల్గార్ స్వయంగా వాద్యబృందాన్ని నిర్వహించగా, ఆయన వయోలిన్ కాన్సెర్టోను రికార్డు చేశారు. స్వరకర్త వయసు 75, వాద్యకారుడి వయసు 16. తోడు వాద్యం లేకుండా ఒంటరి వయోలిన్ కోసం బాఖ్ రాసిన ఆరు రచనలను 1934-36 మధ్య పూర్తిగా రికార్డు చేశారు. ఆ ఆరింటినీ సంపూర్ణంగా రికార్డుల్లోకి తెచ్చిన తొలి వాద్యకారుడిగా ఆయనకు గుర్తింపు ఉంది.

మరుగున పడిన రచనలను వెలికితీయడంలోనూ ఆయనకు అంతే శ్రద్ధ ఉండేది. రాబర్ట్ షూమన్ 1853లో రాసిన కాన్సెర్టో ఎనభై ఏళ్లకు పైగా వెలుగు చూడలేదు. 1937లో దాని తొలి ప్రదర్శన తమ దేశంలోనే జరగాలని జర్మనీ పాలకులు పట్టుబట్టడంతో ఆ అవకాశం జర్మన్ వాద్యకారుడు కూలెన్‌కాంఫ్‌కు దక్కింది. కొద్ది రోజులకే మెనుహిన్ అమెరికాలో, మార్పులు లేకుండా, షూమన్ రాసినది రాసినట్టే వినిపించారు. మెండెల్సన్ బాల్యంలో రాసి, అచ్చుకు నోచుకోని డి మైనర్ కాన్సెర్టో రాతప్రతిని సంపాదించి 1952 ఫిబ్రవరిలో కార్నెగీ హాల్లో వాయించారు.

బార్టోక్ సొనాటా

మెనుహిన్ కోరిక మీద పుట్టిన రచనలలో అగ్రస్థానం బార్టోక్ సొనాటాది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో తలదాచుకున్న బార్టోక్ అనారోగ్యంతోనూ ఆర్థిక ఇబ్బందులతోనూ సతమతమవుతున్నారు. 1943లో ఆయనను కలిసిన మెనుహిన్ ఒంటరి వయోలిన్ కోసం ఒక రచన చేయమని కోరారు. 1944లో పూర్తయిన ఆ సొనాటాను అదే ఏడాది నవంబరు 26న న్యూయార్క్‌లో తొలిసారి వినిపించారు. పది నెలల తరువాత బార్టోక్ కన్నుమూశారు.

ఈ సొనాటా చివరి భాగంలో బార్టోక్ అర్ధస్వరం కన్నా సూక్ష్మమైన పావు స్వరాలను రాశారు. వాటికి బదులుగా వాయించదగిన మామూలు స్వరాలను కూడా సూచించారు. మెనుహిన్ సంపాదకత్వంలో వెలువడిన ప్రతిలో ఈ రెండో పాఠమే నిలిచింది. పావు స్వరాలతో కూడిన మూల పాఠం అచ్చులోకి రావడానికి దశాబ్దాలు పట్టింది. ఆయన వాద్య పరిధికి ఒక హద్దు ఇక్కడ కనిపిస్తుంది. అటువంటి సూక్ష్మ స్వరాలే ప్రాణంగా ఉన్న సంగీతం కొన్నేళ్లకే ఆయనకు భారతదేశంలో ఎదురైంది.

యుద్ధ కాలంలో మెనుహిన్ మిత్రదేశాల సైనికుల కోసం వందలాది కచేరీలు చేశారు. 1945 జూలైలో స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ పియానో సహకారంతో బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడినవారికి వయోలిన్ వినిపించారు. 1947లో బెర్లిన్‌లో ఫుర్ట్‌వెంగ్లర్ నిర్వహణలో వాయించినందుకు తీవ్ర విమర్శలు ఎదుర్కొన్నారు. నాజీ పాలనలోనూ జర్మనీలోనే ఉండి సంగీతం నిర్వహించిన వ్యక్తితో ఒక యూదు కళాకారుడు వేదిక పంచుకోవడం చాలామందికి మింగుడుపడలేదు.

భారతదేశంలో

1952లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఆహ్వానంపై మెనుహిన్ భారతదేశానికి వచ్చారు. దేశంలోని ప్రధాన నగరాలలో చేసిన కచేరీల ఆదాయాన్ని కరవు సహాయానికి ఇచ్చారు. ఢిల్లీలో సితార్ విద్వాంసుడు పండిత్ రవిశంకర్ వాద్యాన్ని, మద్రాసులో విజయనగరం సంగీత కళాశాలకు చెందిన ద్వారం వెంకటస్వామి నాయుడు వయోలిన్‌ను విన్నారు.

వాద్యం ఒకటే అయినా రెండు సంప్రదాయాలలో దాని నడక వేరు. పాశ్చాత్య వాద్యకారుడు నిలబడి, వయోలిన్‌ను గడ్డం కింద ఆనించి వాయిస్తాడు. తీగలు నాలుగూ ఒకదానికొకటి పంచమ దూరంలో ఉంటాయి. కర్ణాటక విద్వాంసుడు నేల మీద కూర్చుని వాద్యపు తలభాగాన్ని పాదం మీద ఆనిస్తాడు. తీగలను షడ్జమ పంచమాలకు, మళ్లీ షడ్జమ పంచమాలకు శ్రుతి చేస్తాడు. అందువల్ల ఎడమ చెయ్యి స్వేచ్ఛగా జారుతూ గమకాలు పలికిస్తుంది. అన్నిటికన్నా పెద్ద తేడా మనోధర్మం. పాశ్చాత్య కచేరీలో స్వరకర్త రాసినదే ప్రమాణం. మన కచేరీలో రాగాలాపన, స్వరకల్పన అప్పటికప్పుడు పుట్టాలి.

మెనుహిన్ 1955లో సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్‌ను న్యూయార్క్ శ్రోతలకు పరిచయం చేశారు. 1966లో, తాను కళా దర్శకుడిగా ఉన్న ఇంగ్లండులోని బాత్ సంగీతోత్సవంలో, రవిశంకర్, తబలా విద్వాంసుడు అల్లా రఖాతో కలిసి వాయించారు. 1967లో వెలువడిన 'వెస్ట్ మీట్స్ ఈస్ట్' రికార్డులో గుణకళి రాగం ఆధారంగా కూర్చిన 'ప్రభాతి', తిలంగ్ రాగంలోని 'స్వర కాకలి' ఉన్నాయి. అదే రికార్డులో తన గురువు ఎనెస్కు రుమేనియా జానపద శైలిలో రాసిన సొనాటాను చెల్లెలు హెఫ్జిబా పియానోతో కలిసి మెనుహిన్ వినిపించారు. ఈ రికార్డుకు గ్రామీ పురస్కారం లభించింది. 1967 డిసెంబరు 10న మానవ హక్కుల దినం సందర్భంగా ఐక్యరాజ్యసమితిలోనూ రవిశంకర్‌తో కలిసి వాయించారు. అంతర్జాతీయ అవగాహనకు ఇచ్చే జవహర్‌లాల్ నెహ్రూ పురస్కారానికి 1968 సంవత్సరానికి ఎంపికయ్యారు.

పరిధి, పరిమితి

ఈ రాగ రచనలలో మెనుహిన్ భాగం ముందుగా కూర్చినదే. 1970వ దశకంలో జాజ్ వయోలిన్ విద్వాంసుడు స్తెఫాన్ గ్రాపెల్లీతో చేసిన రికార్డులలోనూ అంతే. గ్రాపెల్లీ అప్పటికప్పుడు అల్లుకుపోతుంటే మెనుహిన్ రాసిన స్వరాలను అనుసరించారు. అందువల్ల ఆయనను రాగ విద్వాంసుడని గానీ, జాజ్ వాద్యకారుడని గానీ అనలేం. తనది కాని సంప్రదాయంలో పేరున్నవారి పక్కన, ప్రపంచమంతా వింటుండగా, విద్యార్థిగా కూర్చోవడానికి ఆయన వెనుకాడలేదు. బాల మేధావిగా సహజంగా అబ్బిన వాద్య పద్ధతి పెద్దయ్యాక పట్టు తప్పినప్పుడు కమాను పట్టుకోవడం దగ్గర నుంచి మళ్లీ పరిశీలించుకున్న వ్యక్తికి ఈ అలవాటు కొత్త కాదు. బొంబాయిలో పరిచయమైన బి.కె.ఎస్. అయ్యంగార్ వద్ద యోగాభ్యాసం చేయడం కూడా ఆ సాధనలో భాగమే.

మెనుహిన్ 1963లో ఇంగ్లండులో బాల వాద్యకారుల కోసం సంగీత పాఠశాలను, 1983లో యువ వయోలిన్ కళాకారుల అంతర్జాతీయ పోటీని స్థాపించారు. 1999 మార్చి 12న బెర్లిన్‌లో మరణించారు. ఆయన వాద్యాన్ని కొత్తగా వినేవారు బాఖ్ ఒంటరి వయోలిన్ రచనలతో మొదలుపెట్టి, బార్టోక్ సొనాటా విని, ఆ తరువాత 'స్వర కాకలి' వింటే మంచిది. మొదటి రెండింటిలో ఆయన అధికారం, మూడోదానిలో ఆయన వినయం తెలుస్తాయి.