సేవాగ్రామ్ మెడికోలు, వాళ్ల దత్తత పల్లెలు

కాజీపేట నుంచి నాగపూర్ వెళ్లే రైలు మార్గంలో, మహారాష్ట్రలోని వార్ధా పక్కనే సేవాగ్రామ్ ఉంది. అక్కడ దిగే యాత్రికులు ఎక్కువమంది గాంధీజీ కుటీరం చూసి వెనుదిరుగుతారు. ఆశ్రమానికి కూతవేటు దూరంలోనే మహాత్మా గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ ఉంది. గాంధీ శతజయంతి ఏడాది 1969లో, అరవై మంది విద్యార్థులతో మొదలైన కళాశాల అది. దేశంలో పల్లెటూళ్లో వెలసిన తొలి వైద్య కళాశాలగా పేరు పొందింది. 2019లో యాభై ఏళ్లు పూర్తి చేసుకుంది.

దీని వెనుక ఉన్న మనిషి డాక్టర్ సుశీలా నయ్యర్. దిల్లీ లేడీ హార్డింజ్ కళాశాలలో చదువు ముగించి, 1939లో అన్న ప్యారేలాల్‌ను చూడటానికి ఇక్కడికి వచ్చారు. వచ్చిన కొద్దిరోజులకే కలరా విరుచుకుపడింది. దాదాపు ఒంటిచేత్తో ఆమె దాన్ని ఎదుర్కొన్నారు. తర్వాత ఇక్కడే కస్తూర్బా పేరిట ఆస్పత్రి వెలిసింది. 1962 నుంచి 1967 దాకా కేంద్ర ఆరోగ్య మంత్రిగా పనిచేసిన అనుభవంతో ఆ ఆస్పత్రికి కళాశాలను జోడించారు. 2001 జనవరిలో కన్నుమూసేదాకా ఆమె బతుకంతా ఈ సంస్థతోనే ముడిపడి ఉంది.

ఇక్కడ చేరిన విద్యార్థి ముందుగా పదిహేను రోజులు గాంధీ ఆశ్రమంలో ఉంటాడు. తెల్లవారుజామున ప్రార్థన, శ్రమదానం, నూలు వడకడం, తిన్న పళ్లెం తానే కడుక్కోవడం. ఖద్దరు కట్టడం ఈ కళాశాల ఆనవాయితీ. అసలు పని మాత్రం ఊళ్లోకి వెళ్లాకే మొదలవుతుంది. ఏటా కొత్త బ్యాచ్ ఒక గ్రామాన్ని దత్తత తీసుకుంటుంది. మొదటి ఏడాదే రెండు వారాలు విద్యార్థులంతా ఆ ఊళ్లోనే మకాం వేస్తారు. ఒక్కొక్కరికి మూడు నుంచి అయిదు కుటుంబాలు అప్పగిస్తారు. ఇంటింటికీ వెళ్లి ఎవరు ఏం తింటున్నారో, నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకుంటున్నారో, పిల్లలకు టీకాలు పడ్డాయో లేదో రాసుకుంటారు. రక్తహీనత ఎవరికి ఉందో పరీక్షించి చూస్తారు. నిపుణులైన అధ్యాపకులు శిబిరానికి వచ్చి రోగులను చూస్తారు. పెద్ద జబ్బని తేలితే కస్తూర్బా ఆస్పత్రికి పంపుతారు.

ఇంతవరకూ చాలాచోట్ల జరిగేదే. బ్యానర్ కట్టి, మాత్రలు పంచి, సాయంత్రానికి డేరా ఎత్తేసే ఉచిత వైద్య శిబిరాలు మన ఊళ్లకు కొత్త కాదు. సేవాగ్రామ్ ప్రత్యేకత అంతా శిబిరం ముగిశాక కనిపిస్తుంది. ఆ విద్యార్థులు నెలనెలా అదే ఊరికి, అవే గడపలకు మళ్లీ వెళ్తారు. ఏళ్ల తరబడి వెళ్తూనే ఉంటారు. మొదటిరోజు బిడియపడి జబ్బు దాచుకున్న ఇల్లాలు మూడోసారో నాలుగోసారో నోరు విప్పుతుంది. బీపీ మాత్రలు మానేసిన పెద్దాయన ఎందుకు మానేశాడో అప్పుడు తెలుస్తుంది. ఎంత చక్కగా నడిపిన ఒక్కరోజు శిబిరమైనా ఈ రెండూ సాధించలేదు.

ఊరు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1970ల చివర్లో ఇక్కడి వైద్యులు డాక్టర్ ఉల్హాస్ జాజూ చొరవతో ఆరోగ్య బీమా మొదలైంది. పంట చేతికొచ్చినప్పుడు ప్రతి ఇల్లూ తన స్తోమతను బట్టి జొన్నలు కొలిచి ఇవ్వాలి. ఊళ్లో కనీసం 75 శాతం ఇళ్లు చేరితేనే పథకం ఆ ఊరికి వర్తిస్తుంది. అనుకోకుండా మీదపడే జబ్బుకు ఆస్పత్రిలో ఉచిత వైద్యం దొరుకుతుంది. ఆ 75 శాతం షరతు వల్ల పేద ఇళ్లను వదిలేసి నలుగురు మోతుబరులు మాత్రమే చేరడానికి వీల్లేకపోయింది. జొన్నలు కొలిచిన మనిషికి ఆస్పత్రిని నిలదీసే హక్కూ వచ్చింది.

ఇప్పుడు కుటుంబాలను దత్తత తీసుకునే ఇలాంటి బాధ్యతే తెలుగు వైద్య విద్యార్థుల ముందుకూ వచ్చింది. జాతీయ వైద్య కమిషన్ 2022లో కుటుంబ దత్తతను ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో చేర్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కళాశాలల విద్యార్థులు కూడా మొదటి ఏడాది నుంచే కొన్ని కుటుంబాల బాగోగులు చూడాలి. కాగితం మీద ఇది సేవాగ్రామ్ పద్ధతికి చాలా దగ్గర. అయితే సేవాగ్రామ్‌లో ఆ పని నిలబడింది నెలనెలా ఊరికి వెళ్లడం వల్లే. పరీక్షలు ముంచుకొచ్చినా ఊరికి వెళ్లే రోజును టైంటేబుల్లోంచి కదపకుండా చూడటం, ఊరిదాకా బస్సు ఏర్పాటు చేయడం, వెంట ఒక అధ్యాపకుణ్ని పంపడం మన కళాశాలల యాజమాన్యాలు, ప్రిన్సిపాళ్లు వెంటనే చేయగలిగిన పనులు.